అమ్మ గురించి రాద్దామంటే "కష్టపడి పెంచింది" దగ్గరే ఆగిపోతున్న

ప్రశ్న: అక్కా నమస్తే. మాది దేవరకొండ దగ్గర ఒక ఊరు, ఇప్పుడు పిల్లల చదువుల కోసం హైదరాబాద్ల ఉంటున్నం. మా అమ్మ పోయి ఎనిమిది నెలలైతుంది. సంవత్సరీకం నాటికి అమ్మ మీద ఒక చిన్న పుస్తకం వేసి చుట్టాలకు పంచాలని నా ఆశ. కానీ రాయడానికి కూర్చుంటే "మా అమ్మ చాలా మంచిది, ఎంతో కష్టపడి మమ్మల్ని పెంచింది" దగ్గరే ఆగిపోతున్న, ఆ తర్వాత ఏడుపు తప్ప ఏం రాదు. అమ్మ పుట్టింది మక్తల్ దిక్కు, చిన్నప్పుడు వాళ్ల అమ్మానాయినల తోటి సాగర్ డ్యాం పనికి వచ్చిందంట, అంతకు మించి నాకు తెల్వదు. ఆధార్‌ల పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంది. అమ్మ తోడబుట్టినోళ్లల్ల పెద్దమ్మ ఒక్కతే మిగిలింది. చివరి పదేళ్లు అమ్మకి నడుం వంగిపోయింది, కీళ్లు పట్టేసినయ్. నాన్న ఉన్నడు, ఒకప్పుడు సారా తాగి అమ్మని కొట్టేటోడు, అది రాయాల్నా వద్దా. అన్నేమో పుస్తకం ఎవరు చదువుతరు ఊర్ల విగ్రహం పెడదాం అంటున్నడు. నా పిల్లలకి పన్నెండేళ్లు, ఏడేళ్లు. చిన్నోడు అప్పుడే అమ్మమ్మ గొంతు మర్చిపోతున్నడు. ఏం చేయాలె చెప్పక్కా.

జవాబు:

చెల్లే, రాసుడు సంగతి తర్వాత, ముందు ఒక పని ఉంది, అది ఈ రాత్రికే చెయ్. అమ్మ ఫోన్ ఎవరి దగ్గర ఉందో కనుక్కో. అన్న దగ్గరుంటే ఆ సిమ్‌కి రీచార్జ్ చేయిస్తున్నడో లేదో అడుగు, ఎందుకంటే రీచార్జ్ లేకుండా నెలల తరబడి వదిలేస్తే ఆ నంబర్ తీసేసి వేరేవాళ్లకి ఇచ్చేస్తరు, వాట్సాప్ అకౌంట్ కూడా వాడకుండా ఉంటే పోతది. ఇప్పటికే పోయినా బాధపడకు, నీ ఫోన్ల అమ్మ చాట్ ఉంటది కదా, దాన్ని తెరిచి పైకి జరుపుకుంట పో, "తిన్నవా బిడ్డా" అనో "బస్సు ఎక్కినంక ఫోన్ చెయ్" అనో పంపిన వాయిస్ మెసేజ్‌లు ఎన్ని ఉన్నయో అన్నీ బయటికి తీసి లాప్‌టాప్‌ల ఒక ఫోల్డర్‌ల వేసుకో, ఇంకొక కాపీ పెన్‌డ్రైవ్‌ల, ఇంకొకటి అన్నకి. అన్న ఫోన్ల, వదినె ఫోన్ల, మేనత్తల ఫోన్లల్ల కూడా ఉంటయ్, పెండ్లి వీడియోలల్ల ఎక్కడో వెనుక నిలబడి ఎవరినో పిలుస్తున్న గొంతు కూడా ఉంటది. చిన్నోడికి గొంతు మర్చిపోతడనే భయం దీంతో సగం పోతది. నెలకోసారి వినిపించు, ఏడిపించడానికి కాదు, అన్నం తినేటప్పుడు మామూలుగా వినిపించు.

ఇక రాసుడు. "కష్టపడి పెంచింది" దగ్గర ఆగిపోతున్నవంటే నీకు ప్రేమ తక్కువై కాదు, భాష రాక కాదు, ఆ మాట ఏ అమ్మకైనా సరిపోతది గాబట్టి దాని తర్వాత ఇంకో మాట పుట్టదు. మీ అమ్మ ఏ పని చేసింది, ఎక్కడ చేసింది, తట్ట మోసిందా రాయి కొట్టిందా, కలుపు తీసిందా నాటేసిందా, కూలి ఎంత, ఇంటికి ఎన్ని గంటలకి వచ్చేది, వచ్చినంక ముందు పొయ్యి ముట్టించేదా నీళ్లకి పొయ్యేదా, ఇవి రాస్తే అప్పుడు అది మీ అమ్మ కథ అయితది. నీకు తెల్వదన్నవ్, తెల్వదు నిజమే, కానీ నువ్వు రాసిన నాలుగు ముక్కలల్లనే నాకు ఒక వరస కనిపించింది, చెప్తా విను.

మీ అమ్మ పుట్టింది మక్తల్ దిక్కు. కృష్ణా నది కర్ణాటక దాటి తెలంగాణల అడుగుపెట్టేది సరిగ్గా ఆ దిక్కునే. నది పక్కనే పారుతుంటది, చేన్లకు మాత్రం వానే దిక్కు, వాన పడకపోతే కరువు, అందుకే కదా పాలమూరు (పాత మహబూబ్‌నగర్ జిల్లా, మక్తల్ కూడా అండ్లదే) జనం మేస్త్రీల దగ్గర అడ్వాన్స్ తీసుకొని సంసారం నెత్తిన పెట్టుకొని దేశం మీద ఎక్కడ డ్యాం కడుతుంటే అక్కడికి పోయిండ్రు, పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. మీ అమ్మమ్మ తాతలు పోయింది అదే కృష్ణ మీద కింద కడుతున్న నాగార్జున సాగర్‌కి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ దానికి శంకుస్థాపన చేసిండు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ వచ్చి కాలువలకు నీళ్లు వదిలింది, నడుమ దాదాపు పన్నెండేళ్లు. అది రాయి మీద రాయి పేర్చి కట్టిన డ్యాం, ప్రపంచంలనే రాతితో కట్టిన అతి పెద్ద డ్యాంలల్ల ఒకటి, అంత రాయి అంటే ఎన్ని వేల చేతులు పట్టి ఉంటయో ఆలోచించు. అదే సమయంల లోయల బయటపడ్డ బౌద్ధుల కట్టడాలని తవ్వి తీసి నాగార్జునకొండ మీద మ్యూజియంల భద్రంగ పెట్టిండ్రు, మంచిదే, చూడాల్సిన చోటు. కానీ తట్ట మోసిన మీ అమ్మమ్మ పేరు అక్కడ ఏ బోర్డు మీదా ఉండదు. నువ్వు రాస్తేనే ఉంటది.

తర్వాత మీ అమ్మకి దేవరకొండ దిక్కు సంబంధం కుదిరింది. చూడు, తన అమ్మానాయినలు కట్టిన డ్యాం అంత దగ్గర, కానీ సాగర్ ఎడమ కాలువ నీళ్లు పోయింది మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ మీదుగా ఖమ్మం దిక్కు, ఎత్తు మీద ఉన్న దేవరకొండకి ఎక్కలే. మళ్లా వాన చేన్లే, మళ్లా బోరు నీళ్లే. ఆ దిక్కు, మర్రిగూడ మునుగోడు దిక్కు బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎంత ఉండేదో నీకు చెప్పాల్సిన పని లేదు. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే మంచిది కాదంటరు, మన దగ్గర గ్రానైట్ రాళ్ల పొరల నుంచి ఆ ఫ్లోరైడ్ నీళ్లల్లకి దిగుతది, ఏండ్ల తరబడి తాగితే పండ్లు గారపట్టి, ఎముకల్ల చేరి కీళ్లు పట్టేసి నడుం వంగుతది. మీ అమ్మ నడుం వంగింది దీనితోనే అని నేను అనను, వయసుతో కూడా వంగుతది, పాత ఆస్పత్రి చీటీలు ఎక్సరేలు ఉంటే మీకు తెలిసిన డాక్టర్‌కి చూపించి అడుగు, అవునంటేనే రాయి. అవునంటే మాత్రం తప్పకుండా రాయి, పిల్లలకి కూడా చెప్పు, అమ్మమ్మ వంగి నడిచేది ముసలితనం వల్ల అని మాత్రమే వాళ్లకు తెలిసి ఉంటది. చివరికి మిషన్ భగీరథ నల్లా వచ్చి ఇంటి ముందర కృష్ణా నీళ్లు పడ్డయి (ఆ పథకం పైలాన్ కూడా 2015ల మన చౌటుప్పల్‌లనే పెట్టిండ్రు), ఆ రోజు అమ్మ ఏమన్నదో, బిందె పట్టిందా, మొదటి నీళ్లు రుచి లేవన్నదా, వదినెని అడుగు, పక్కన ఉండి ఉంటది.

అంటే చెల్లే, నది తెలంగాణల అడుగుపెట్టే చోట పుట్టింది, దాన్ని ఆపే కట్ట మీద పెరిగింది, దాని నీళ్లు రాని ఊర్ల నలభై యాభై ఏండ్లు కాపురం చేసింది, చివరికి నల్లాల అవే నీళ్లు తాగింది. నీ పుస్తకానికి వరస నీళ్లే. పుట్టింది, పెండ్లయ్యింది, పిల్లలు, పోయింది అని వేసేకంటే ఎక్కడెక్కడ ఏ నీళ్లు తాగింది, ఎంత దూరం నుంచి మోసింది అని అధ్యాయాలు పెట్టుకో, మిగతా కథంతా దాని వెంటే వస్తది.

ఇప్పుడు ఎవరిని అడగాలె అంటే, మొదలు పెద్దమ్మ. పెద్దమ్మ సంగతి ఉత్తరంల ఒక్క లైన్ల రాసి వదిలేసినవ్ గానీ నాకు మాత్రం ఆమెనే అన్నిటికంటే ముఖ్యం. మీ అమ్మని చిన్న పిల్లగా చూసిన మనిషి ఇప్పుడు లోకంల ఆమె ఒక్కతే, ఆమెకి ఏమన్నా అయితే ఆ పదిహేనేండ్లు మొత్తం పోయినట్టే. పుస్తకం సంవత్సరీకానికి కాకపోతే రెండో ఏడుకి వేసుకోవచ్చు, పెద్దమ్మని అడుగుడు మాత్రం ఆగదు. పెద్ద పిల్లని తోలుకొని పో. నువ్వు అడిగితే పెద్దమ్మ ఏడుస్తది నువ్వు ఏడుస్తవ్, ఆడికే అయిపోతది, పిల్ల అడిగితే ముసలోళ్లు ఉషారుగ చెప్తరు. ఫోన్ రికార్డింగ్ ఆన్ చేసి పక్కన పెట్టు, దాన్ని చూసి సిగ్గుపడితే వెనక్కి తిప్పి పెట్టు. "మా అమ్మ ఎట్లాంటిది" అని అడగకు, "బంగారం" అంటది అంతే. డ్యాం దగ్గర గుడిసె ఎక్కడుండె, హిల్ కాలనీ దిక్కా పైలాన్ కాలనీ దిక్కా, అవతలి గట్టునా, గుంపు మేస్త్రీ ఏ ఊరోడు, పెద్దోళ్లు పనికి పోతే చిన్నపిల్లల్ని ఎవరు పట్టుకునేటోళ్లు, రొట్టెలు ఎప్పుడు కాల్చేటోళ్లు, జ్వరమొస్తే ఎక్కడికి పోయేటోళ్లు, మీ అమ్మకి దెబ్బలు ఎందుకు పడేటివి, అట్ల అడగాలె. వీలైతే తర్వాత ఒక ఆదివారం పెద్దమ్మని కార్ల కూర్చోబెట్టుకొని సాగర్ పోండ్రి, ఆ చోటు చూస్తే ఇంట్ల కూర్చొని చెప్పనివి చాలా చెప్తది.

పుట్టిన తేదీ గురించి దిగులు పడకు, ఆ తరం వాళ్లల్ల మస్తు మందికి ఆధార్‌ల జనవరి 1 అనే ఉంటది, ఏ సంవత్సరమో తెలిస్తే చాలు, అది కూడా అందాజగ. పెద్దమ్మని ఇట్ల అడుగు: పోలీస్ యాక్షన్ నాటికి నువ్వు పుట్టినవా, అప్పటికి ఎంత ఉంటివి (అది 1948 సెప్టెంబర్), సాగర్ నీళ్లు వదిలిన ఏడుకి చెల్లె పెద్దమనిషి అయ్యిందా కాలేదా, 1969 తెలంగాణ ఉద్యమం అప్పటికి పెండ్లయ్యిందా. అన్న పుట్టింది రెండు రూపాయల బియ్యం వచ్చిన ఏడా (1983), ఇందిరాగాంధీని చంపిన ఏడా (1984), మండలాలు వచ్చిన ఏడా (1985), ఇట్ల కలుపుకుంట పోతే ఒకటి రెండు ఏండ్ల తేడాతోటి మొత్తం లెక్క దొరుకుతది. పుస్తకంల "1953 ప్రాంతంల" అని రాస్తే తప్పేం లేదు, జనవరి 1 అని రాస్తేనే తప్పు.

నాన్న సంగతి. ఇది రాసేటప్పుడు నువ్వు ఎంత ఆలోచించి ఉంటవో నాకు తెలుసు. నా అభిప్రాయం సూటిగ చెప్తా, కొట్టింది దాచిపెడితే అమ్మ ఏం దాటుకొని వచ్చిందో కూడా దాగిపోతది, కాబట్టి మొత్తం దాచుడు నాకు ఇష్టం లేదు. అట్లని బతికున్న మనిషిని, ఆ ఇంట్లనే ఒక్కడే కూర్చున్న ముసలాయనని, చుట్టాలందరి చేతుల పుస్తకం పెట్టి నిలబెట్టుడు కూడా వద్దు. ఒక లెక్క పెట్టుకో: అమ్మ నలుగురు ఆడోళ్లల్ల కూర్చున్నప్పుడు తన నోటితోటి తనే చెప్పుకున్నది ఏదైనా పుస్తకంల రాయొచ్చు, నీ ఒక్కదాని చెవుల చెప్పింది మాత్రం విడిగ నోట్‌బుక్‌ల రాసి ఇంట్ల పెట్టుకో, నీ బిడ్డ పెద్దయినంక చదువుతది. ఇంకొకటి, "ఓర్చుకుంది" అని రాసి ఊకోకు. 1992ల నెల్లూరు దిక్కు దూబగుంట ఆడోళ్లు సారా మీద లేస్తే అది రాష్ట్రమంతా పాకింది, చివరికి 1993 అక్టోబర్ 1 నుంచి సారా బంద్ అయ్యింది. మీ ఊర్ల ఆ రోజుల్ల ఏమైంది, ఆడోళ్లు సారా దుకాణం కాడికి పోయిండ్రా, అమ్మ పోయిందా, పోకపోతే ఎందుకు పోలే, సారా బందైనంక ఇంట్ల ఏం మారింది, అమ్మ వయసు ఆడోళ్లని అడిగి రాయి. దెబ్బలు తిన్నదని ఒక్క మాట రాసినా, ఆమె ఏం చేసిందో పది మాటలు రాయి. పైసలు దాచుకున్నదా, పిల్లల్ని తీసుకొని తల్లిగారింటికి పోయిందా, మళ్లా ఎందుకు వచ్చింది.

నాన్నని కూడా అడుగు. నువ్వు ఇది అనుకొని ఉండవు. ఆయనకి తెలిసినంత అమ్మ ఇంకెవ్వరికీ తెల్వదు, పెండ్లి చూపులల్ల ఏం చీర కట్టుకుందో కూడా ఆయననే చెప్పాలె. చెప్తడో చెప్పడో, ఏడుస్తడో కోపానికి వస్తడో, నేను ఇక్కడి నుంచి చెప్పలేను. పొద్దుగాల చాయ్ తాగేటప్పుడు ఒక్కటే చిన్న ప్రశ్న అడిగి వదిలెయ్, తాగుడు సంగతి నువ్వు ఎత్తకు, ఆయనే ఎత్తితే విను. క్షమించాల్సిన పని కూడా నీకు లేదు, అది అమ్మకీ ఆయనకీ నడుమ ఉండేది, నువ్వు వినడానికి పోతున్నవ్ అంతే.

అన్న విగ్రహం అంటున్నడని నీకు కోపం ఉన్నట్టుంది, ఉత్తరంల కనిపిస్తుంది. విగ్రహం పెట్టొద్దని నేను అనను. రోజూ ఆ ఇంట్ల తిరిగేది ఆయన, ఖాళీ మంచం చూసేది ఆయన, హైదరాబాద్ల ఉండే నీకు పుస్తకం ఎట్లనో ఊర్ల ఉండే ఆయనకి విగ్రహం అట్ల. పంతం పెట్టుకోకుండా ఆయనకి పని చెప్పు, ఊర్ల ఉంటడు గాబట్టి ఆయన చేయగలిగినవి నువ్వు చేయలేవు. సారా ఉద్యమం తర్వాత ఊరూరా పొదుపు సంఘాలు వచ్చినయ్ కదా, అమ్మ సంఘంల ఉంటే ఆ పాత రిజిస్టర్లల్ల అమ్మ వేలిముద్రో సంతకమో ఉంటది, లీడర్ ఇంట్ల అటక మీద పడి ఉంటయ్, ఫొటో తీసి పంపమను. పాత రేషన్ కార్డు, పాస్‌బుక్, పింఛన్ పుస్తకం, జాబ్ కార్డు, ఎల్లమ్మ పండుగ ఫొటోలు, ఎవరెవరి పెండ్లి ఆల్బమ్‌లల్లనో మూలకి నిలబడ్డ ఫొటోలు, ఇవన్నీ ఆయనే దొరకబట్టాలె. అమ్మతోటి కైకిలి (కూలికి) పోయిన ఆడోళ్లు ఎవరెవరు ఉన్నరో కూడా ఆయనకే తెలుసు, వాళ్లు నీకు చెప్పనివి ఆయనకి చెప్తరు, కాదంటే వదినెకి చెప్తరు. అన్న పిల్లలు ఆమెని నానమ్మ అంటరు, నీ పిల్లలు అమ్మమ్మ అంటరు, ఆ పిల్లలు రోజూ ఆమె పక్కల పండుకున్నోళ్లు, నీ పిల్లలు సెలవులకి వచ్చినోళ్లు, వాళ్ల దగ్గర నీ పిల్లలకి తెల్వని నానమ్మ ఉంది. నలుగురు పిల్లలో ఐదుగురో, అందరిని ఒకచోట కూర్చోబెట్టి ఒక్కొక్కరిని ఒక్కొక్క పేజీ రాయమను, తప్పులు దిద్దకు, అట్లనే ప్రింట్ చెయ్.

చిన్నోడు రాయలేడు గాబట్టి బొమ్మ గియ్యమను. అమ్మ చేతుల మీద పచ్చబొట్లు ఉండెనా? ఉంటే ఎక్కడ ఏది ఉండెనో పెద్దోళ్లు చెప్తుంటే వాడు గియ్యాలె, ఫొటోలల్ల అవి సరిగ్గ పడవు. తిండి కూడా పెట్టు పుస్తకంల, కానీ యూట్యూబ్‌ల దొరికే వంటకం వద్దు, అమ్మ చేసినట్టు రాయాలె, అంటే వదినె చేస్తుంటే పెద్ద పిల్ల పక్కన నిలబడి రాసుకోవాలె, జొన్నపిండిల నీళ్లు మరగబెట్టి పోసేదా చల్లవి పోసేదా, రొట్టె చేతుల మీద కొట్టేదా పీట మీదనా, పచ్చిపులుసుల మిరపకాయ కాల్చి నలిపేదా పోపుల వేసేదా. చీరలు పంచేటివి పంచగా మిగిలిన పాత నూలు చీరలు పారెయ్యకండ్రి, బొంత కుట్టే ఆడోళ్లు ఇంకా ఉన్నరు మన దిక్కు, పిల్లలకి ఒక్కొక్క బొంత కుట్టించు, చలికాలం కప్పుకుంటరు.

పాటలు ఒకటి మిగిలింది. అమ్మ బతుకమ్మ పాటలు చెప్పేదా, వెనుక అందుకునేదా నువ్వు రాయలే. పెత్రమాస (బతుకమ్మ మొదలయ్యే అమావాస్య) నాడు పొద్దుగాల పోయినోళ్ల పేరు మీద బియ్యం ఇస్తరు, ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ ఆడుతరు, మీకు యాడాది కాలేదు గాబట్టి మీ ఇంట్ల ఆనవాయితీ ఎట్లుంటే అట్ల నడుచుకోండ్రి, ఆడకపోయినా పక్కన కూర్చొని వినుడు తప్పు కాదు. అమ్మ తోటి ఆడినోళ్లని ఆ తర్వాత ఇంటికి పిలిచి చాయ్ పోసి ఆ పాటలు పాడించుకొని రికార్డ్ చెయ్, ఊరు ఊరికి లైన్లు మారుతయ్, అమ్మ మక్తల్ దిక్కు నుంచి తెచ్చిన లైన్లు కొన్ని ఆ ఊర్ల ఇంకా ఆడోళ్ల నోట్ల ఉండొచ్చు.

ఏడుపు గురించి అడిగినవ్, ఎనిమిది నెలలకి ఏడుపు వచ్చుడు రోగం కాదు. నిద్ర తిండి లేకుండా ఇంటి పని కూడా చేసుకోలేనంత అయితే డాక్టర్ దగ్గరికి పో, లేకపోతే రానీ. రాయబోతే వస్తుందన్నవ్ కదా, అయితే రాయకు, మాట్లాడు. పిల్లకి చెప్తున్నట్టు ఫోన్ల చెప్పుకుంట పో, తర్వాత డీటీపీ సెంటర్‌ల ఇస్తే వాళ్లే టైప్ చేసి పెడుతరు, మాట్లాడినట్టు ఉంటేనే చదివేటోళ్లకి కూడా బాగుంటది, పుస్తకం భాషల మార్చమని వాళ్లకి చెప్పకు. ముప్పై రెండు పేజీలు చాలు. పెద్ద అక్షరాలు వేయించు, ముసలోళ్లు చదవాలె కదా.

విగ్రహం కింద రాయి మీద ఏం చెక్కించాల్నో అన్నని అడిగి ఆ పని నువ్వు తీసుకో. "మాతృమూర్తి", "త్యాగమయి" అనేటివి వద్దు. పేరు, తల్లిగారి ఊరు, అత్తగారి ఊరు, సాగర్ డ్యాం పనిల పెరిగిందని ఒక లైను, వాళ్ల అమ్మానాయినల పేర్లు కూడా. ఆ పేర్లు నీకు పక్కాగా తెలుసా? తెల్వకపోతే పెద్దమ్మని అడిగేటియ్యల్ల అదే మొదటి ప్రశ్న.